పద్నాలుగు మిల్లీమీటర్లు

మందస కొండ దిగి, రెండు బస్సులు మారి
శ్రీకాకుళంలో మా ల్యాబు బల్ల మీద
సిమెంటు సంచి బోర్లించాడు సోంబురు.
ఎర్రటి గొట్టాల్లాంటి పూలు. వాటితో ఓ గొంగళిపురుగు.
"మా వోళ్లు జార్గి అంటారు. పిల్లలు తేనె పీల్చి పారేత్తారు.
నీకేటికి బావూ ఇంతింత?"
నా పుస్తకంలో దాని పేరు ధాతకి.
సంచి మీద రెండు పేర్లూ రాసుకున్నాను.

నీడన ఎనిమిది రోజులు ఎండాయి.
దంచి, మిథనాల్‌లో నానేసి, వడగట్టి ఇంకిస్తే
సీసా అడుగున ముదురుపాకం రంగు,
మూత తీస్తే ముక్కులోకి
వక్క నమిలినంత వగరు.

సూక్ష్మజీవులు మాత్రం కొండవి కావు.
కాశీబుగ్గ ఆసుపత్రిలో
దాలమ్మ అరచేతి పుండు మీంచి
దూదిపుల్లతో తీసినవి.
ఇరవై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి.
పిక్కనూనె తినేసిన వేళ్లకు గీతల్లేవు.
రేషను మిషను ఆమెను గుర్తుపట్టదు.
"మూడు రకాల బిళ్లలు మింగాను బావూ.
పుండు మాన్నేదు,
పనే మానీసినాను."

గాజుపళ్లెంలో పేరుకున్న అగారు మీద
వాకిలి అలికినట్టు పలచగా
ఆ పుండును అలికాను.
నాలుగు కాగితం బిళ్లలు పెట్టాను:
ఒకటి ఆసుపత్రి మందు, ఒకటి ఉత్త మిథనాల్,
రెండు పువ్వువి.
రాత్రి కరెంటు పోయింది.
ఇంక్యుబేటరు మీద నా దుప్పటి కప్పి
పురిటిగది బయట కూచున్నట్టు కూచున్నాను.

తెల్లారి చూస్తే పళ్లెమంతా మీగడ.
మిథనాల్ చుట్టూ మీగడే.
ఆసుపత్రి మందు చుట్టూ కూడా.
పువ్వు చుట్టూ మాత్రం
ఏమీ మొలవని గుండ్రటి చోటు.
స్కేలు పెట్టాను.
పద్నాలుగు. రెండోది పదమూడున్నర.
ఎవరూ లేరు గనక
పైకే చదివాను.

"అయితే ఆ పూలు నూరి రాసీసుకోనా?"
ఫోనులో దాలమ్మ.
వద్దమ్మా, పళ్లెం వేరు, చెయ్యి వేరు.
"మరెప్పటికి?"
రికార్డు పుస్తకంలో అన్నిటికీ గడులున్నాయి,
ఈ మాటకు లేదు.
"పోనీ, ఎంతొచ్చిందేటి?"
చొక్కా గుండీ అంత, అన్నాను.
కాసేపు ఏమీ వినపడలేదు.
"నా పుండూ అంతే ఉంటాది బావూ."

సోంబురు మళ్లీ వచ్చాడు, ఈసారి సగం సంచితో.
మిగతావి తేనెటీగలకి ఒగ్గేశాడట.
అడగలేదు నేను ఇంకా తెమ్మని.
ఆరో పళ్లెం అలుకుతున్నాను.
ఆ గుండీ
ప్రతిసారీ అక్కడే ఉంటుందో లేదో
చూడాలి.