పోయే ఫారం

నా నంబరు రెండువందల పద్నాలుగు.
పేరు తర్వాత రాసిన్రు,
చెప్పులు ముందు ఇప్పించిన్రు.
చర్చి ఎనుక గోడకు నిలబెట్టి
"నవ్వకు బిడ్డా" అన్నడు ఫోటో ఆయన.
గారపండ్లు కనపడుతయని అన్నడనుకున్న.
మా బోరింగు నీళ్లు తాగినోళ్ల పండ్లు
ఎవరివి తెల్లగున్నయి గనుక?
శానేండ్లకు సమజైంది,
నవ్వే పేదోళ్లకు పైసలు రావని.

సముద్రం అవతల హిల్డమ్మ అని ఒకామె
ఆ ఫోటోను వంటింట్ల అంటించుకున్నదట.
ఏటా క్రిస్మసుకు హాస్టల్ల ఉత్తరం రాపిచ్చేటోళ్లు,
వార్డెన్ సారు నల్లబల్ల మీద రాసింది చూసి
నలభైమందిమి ఒకటే ఉత్తరం:
నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను,
మీ కొరకు ప్రార్థన చేయుచున్నాను.
చేసిన్నో లేదో ఇప్పుడు యాదికి లేదు.

ఒక ఏడు ఉన్ని స్వెటర్ పంపింది.
చండూరు ఎండలకు స్వెటర్!
మా నాయనమ్మ ఈరమ్మ నవ్వి నవ్వి
తల్లి సచ్చిన మేకపిల్లకు తొడిగింది.
వానకాలం దాటి బతికిందది.
ఆ ముచ్చట ఉత్తరంల రాయనియ్యలే సారు.

ఇప్పుడు సంఘం తాళంచెవులు నా కొంగుకున్నయి.
ఖజాంచిని. పిడికెడు బియ్యం లెక్క నాది.
ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు తీసి
డబ్బాల ఏసి ఆదివారం తెస్తరు ఆడోళ్లు.
సన్నయి, దొడ్డయి, రేషనుయి, అన్నీ కలిసి ఒకటే సంచి.
రూబేనమ్మ పిడికిలి మూసుకోదు,
నీళ్లకు ఏళ్లు వంకరపోయినయి,
అందుకే ఆమె దోసిలి తెస్తది.
విదేశ మిషను ఖాతా పుస్తకంల
యాభై ఏండ్ల సంది జమ పక్కనే రాతలు.
ఖర్చు పక్క తెల్లగ ఉన్నది,
చెదలు తిన్నది సుత అదే పక్క.

మొన్న పాస్టరు ఎలీషా గారు ఒక ఉత్తరం చదివిన్రు.
హిల్డమ్మ ఊళ్లె మిల్లు మూతబడ్డదట,
చర్చి కింది అర్రల రొట్టెకు లైను కడుతున్నరట
తెల్లోళ్లే, కోట్లు తొడుక్కొని.
"తెల్లోళ్లకు సుత ఆకలైతదా?" అన్నది
ఎనిమిదేండ్ల సలోమి.
ఎవ్వరూ నవ్వలే.

మూడు నెలల బియ్యం వేలం పాడినం.
ఆరువేల మూడొందల నలభై.
అప్పుడు లేసిండు గిద్యోను తాత:
"మన గల్లీల ముత్తయ్య నడుం వంగి
పదేండ్ల సంది మంచంల ఉన్నడు,
మంచం దాటలేనోళ్లు సముద్రం దాటుతరా?"
జవాబు దొరకలే. ఇంకా దొరకలే.
రెండువేలు ముత్తయ్యకు తీసినం,
అది జవాబు కాదని తీసేటప్పుడే ఎరుక.
నేను పైసలు చేతుల పెడితే
"నా ఫోటో తీస్తరా?" అని అడిగిండు ముత్తయ్య,
లేసి కూసోను చూసిండు.

ఇంకెవరో అన్నరు:
"అక్కడ ఎవరికిచ్చిన్రో ఫోటో పంపమనాలె,
రసీదు లెక్క ఉంటది."
వద్దన్న. నా గొంతు నాకే పెద్దగ వినవడ్డది.
ఫోటో వద్దు. ఉత్తరం వద్దు.
ఎవ్వరి చెప్పులూ ఇప్పియ్యొద్దు.

చండూరు బ్యాంకుల పిలగాడు కంప్యూటర్ల ఎతికి
"వచ్చే ఫారం ఉన్నదమ్మా,
పోయే ఫారం మా దగ్గర లేదు" అన్నడు.
బస్సెక్కి నల్లగొండ పోయిన.
పెద్ద బ్యాంకుల ఇచ్చిన్రు, నాలుగు పేజీలు.
మూడో పేజీల ఒక చిన్న గడి:
పంపేవారికి, అందుకునేవారికి సంబంధం?

చుట్టం కాదు.
బాకీ అని రాస్తే ఒప్పుకోరు.
దానం అని రాయ చెయ్యి రాలే.
ఎనుక లైన్ల నిలబడ్డాయన రెండుసార్లు దగ్గిండు.
పెన్ను పట్టుకొని నేను
ఎర్రస్వెటర్ తొడుక్కొని
వానల గెంతిన మేకపిల్లను
యాది చేసుకుంటున్న.