మొదటి సగం గాలికి ఎదురుగా

ఎత్తిన అయిదు చేతుల్లో ఒకటి నాది.
ముందే చెప్పేస్తున్నాను,
ఎవరో చెబితే మీరు వినేకన్నా.

చేపల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మీటింగ్.
కాఫీ చల్లారకముందే అయిపోయింది.
ఇరవై రెండేళ్ళ దాన్యల్‌కి
పదకొండు నిమిషాలు పట్టింది.
ఎవరూ చెడ్డగా మాట్లాడలేదు.
"ఏటా నాలుగో స్థానమేనా" అన్నాడు బ్యాంకు టైతుర్.
అంతే. నాలుగు అనే అంకె
ఆ సాయంత్రం అందరికీ చిన్నగా కనబడింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు.
మా ఫారో దీవుల్లో అసలు చెట్లే తక్కువ.
అయినా ఆ మాట పనిచేసింది.

మర్నాడు దాన్యల్ తాళాలు తెచ్చి
లాండ్రీ గదిలో నా బల్ల మీద పెట్టాడు.
ఏ తలుపు మొండికేస్తుందో,
దాన్ని ఎలా కాస్త పైకెత్తి తిప్పాలో చెప్పాడు.
ఎవరెవరు చెయ్యెత్తారో అడగలేదు.
నేను పదహారు జతల మేజోళ్ళు
తిరగేస్తూనే ఉన్నాను.

అతనికి సిద్ధాంతం లాంటిదేమీ లేదు.
ఆటకి ముందు, కంచెకి చిక్కిన గొర్రె ఉన్ని పీకి
వేళ్ళ మధ్య నలిపి గాల్లోకి వదిలేవాడు.
అది పోయిన వైపు చూసి
"టాస్ గెలిస్తే మొదటి సగం గాలికి ఎదురుగా" అనేవాడు.
"అలిసిపోకముందే కష్టం తీర్చేసుకుందాం."
లెఫ్ట్ బ్యాక్ రోయ్‌కి రాత్రి షిఫ్టుంటే
గంట ఆడించి కూర్చోబెట్టేవాడు.
ఎందుకని వాడు ఎగిరితే రొట్టె చేతిలో పెట్టేవాడు.
హైనీ వాళ్ళ నాన్న పడవ తిరిగిరాని వారం
ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు.
ఆ కుర్రాడి చేత బంతులు పట్టిస్తూనే ఉన్నాడు,
బంతి కనబడనంత చీకటి పడ్డాక కూడా.

టోర్బెన్ డెన్మార్క్ నుంచి ఓడలో వచ్చాడు.
మంచివాడే. అదే కదా ఇబ్బంది.
అందరి పేర్లూ ఓడలోనే బట్టీపట్టాడు.
తెర మీద బాణాలు గీసి చూపించాడు,
ఎర్రవి మేము, నీలివి వాళ్ళు.
గాలికి రంగు లేదు.

గోల్‌కీపర్ దగ్గర్నుంచి చిన్న చిన్న పాసులట,
ఓపిగ్గా, నేల మీద.
మొదటి ఆటలోనే హైనీ తన్నిన బంతి
సగం దాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు
తిరిగొచ్చి మా గీతే దాటింది.
ప్రాక్టీసుని పైనుంచి చూడ్డానికని
ఎగిరే కెమెరా తెప్పించాడు.
అది మమ్మల్ని నాలుగు నిమిషాలు చూసి
సముద్రం మీదుగా వెళ్ళిపోయింది.
కుర్రాళ్ళు నవ్వారు. టోర్బెన్ కూడా నవ్వాడు,
చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.
రోయ్‌ని తొంభై నిమిషాలూ ఆడించాడు.
ఆ రాత్రి సాల్మన్ కోసే బల్ల దగ్గర
రోయ్ బొటనవేలికి మూడు కుట్లు.

క్లబ్ కోటు దాన్యల్ కొలతలకి కుట్టించింది.
కొత్తదానికి డబ్బుల్లేవు.
చేతులు టోర్బెన్ వేళ్ళని మింగేసేవి.
గీత పక్కన నిలబడి ఎటు చూపించినా
ఖాళీ గుడ్డ ఊగేది.
ఒక రోజు తెచ్చి, పొట్టి చేస్తారా అని
మా భాషలో, తప్పుల్తో అడిగాడు.
లోపలికి మడిచి కచ్చా కుట్లు వేశాను.
కత్తిరించలేదు.
జేబులో ఉన్ని ఉంది. అదీ తీయలేదు.

వానొస్తే మా ఊరు ఆటని కార్లలోంచే చూస్తుంది,
రేవు గట్టు మీద వరసగా ఆపుకుని.
గోల్ పడితే చప్పట్లుండవు, హారన్లే.
నిన్న మాకు మూడు పడ్డాక
రోయ్ తలకి తగిలి ఒకటి వాళ్ళకి పడింది.
గట్టంతా మోగింది.
చివరి ఆకుపచ్చ వ్యాను మాత్రం
ఒక్కసారి, ఆలస్యంగా,
గొంతు సవరించుకున్నట్టు.

టోర్బెన్ నా పక్కనే ఉన్నాడు, తడిసి ముద్దై.
"ఆ వ్యాను ఎవరిది? ప్రతి వారం వస్తుంది."
"ఎవరో. సముద్రం చూసుకోడానికి వస్తాడు" అన్నాను.
అతను చాలాసేపు అటే చూశాడు.
దాని వైపర్లు ఆడుతూనే ఉన్నాయి.
"మరి వ్యాను మూతి ఇటుందేం?" అన్నాడు.