చివరి పేజీ లేని అక్టోబరు

అక్టోబరులో ప్రతి శనివారం
ఒక కథ, ఆ కథకి తగ్గ ఒక షికారు.
ఇది మా ఇంటి చట్టం. చేసింది నేనే.
లూనెన్‌బర్గ్ రేవు పక్క చేపల ఫ్యాక్టరీలో
ఐదు రోజులు మంచుగడ్డల మధ్య కత్తి పట్టిన చేతులకి
ఆరో రోజు
ఏదో ఒక పేజీ తిప్పాలనిపిస్తుంది.

మొదటి వారం పురుగు కథ.
యాపిల్‌లో కాపురం పెట్టి
అద్దె ఎగ్గొట్టిన పురుగు.
చదివేసి, గంటన్నర కారు నడిపి
అనాపొలిస్ లోయలో తోటకి వెళ్లాం.
ఓరిన్ కోసిన ప్రతి పండునీ చెవికి ఆనించుకుని
వేలితో తట్టాడు: "ఎవరైనా ఉన్నారా?"
బుట్ట సగమే నిండింది.
డబ్బులు మాత్రం బుట్ట లెక్కనే తీసుకున్నారు.

రెండో వారం
చలికి వణికే దిష్టిబొమ్మ కథ.
కాకులన్నీ తలో ఈకా ఇచ్చి
దానికి కోటు కుట్టాయట.
గుమ్మడి పొలం మధ్యలో జెస్సమిన్
తన స్వెటర్ విప్పి గడ్డిమనిషికి తొడిగింది.
కొని పది రోజులు కాలేదు.
"తీసెయ్యవే" అన్నందుకు
పిల్ల నన్ను చూసిన చూపుకి
నాకే దిష్టి తగిలింది.

మూడో వారం వాన.
గబ్బిలం కథ చదివి ఇంట్లోనే ఉన్నాం.
సోఫా మీంచి తలకిందులుగా వేలాడుతూ
సూప్ తాగుతానన్నాడు ఓరిన్.
తివాచీ ఉతికాను.

నాలుగోది లైబ్రరీలో దొరికిన
అట్ట ఊడిన పుస్తకం.
చీకటంటే భయపడే ఓ పిల్ల దయ్యం
దీపం ఉన్న గుమ్మం కోసం వీధి వీధీ తిరుగుతుంది.
దీపాలున్న ఇళ్లవాళ్లందరూ
దాన్ని చూడగానే తలుపులు మూసేస్తారు.
చివరికి గుట్ట మీద ఒక ఇల్లు. దీపం లేదు.
అయినా అది మెట్లెక్కి
చెయ్యెత్తి
తలుపు

అంతే.
ఆఖరి పేజీ ఎవరో చింపేశారు.
ఏ పసివాడి నోట్లో నానిందో,
ఏ వాననీటిలో పడవయిందో.
కథ కంచికి పోకుండా
పిల్లలు పక్కల మీదికి పోలేదు ఆ రాత్రి.
"మనమే వెళ్లి చూద్దాం" అంది జెస్సమిన్.

తర్వాతి శనివారమే హాలోవీన్.
దుప్పటి కప్పుకున్న దయ్యం ఒకటి,
ఎర్ర చేతితొడుగుల పీత ఒకటి,
వెనకాల సంచి మోసే నేను.
రేవులోంచి లేచిన పొగమంచు
మాతోపాటే గుమ్మం గుమ్మం తిరిగింది.
సంచి బరువెక్కింది. కాళ్లూ బరువెక్కాయి.
అయినా ఓరిన్ ఆగలేదు, గుట్ట ఎక్కాడు.

అది నికిల్ ముసలాయన ఇల్లు.
పోయినేడు పడవ అమ్మేశాక
ఆయన ఊళ్లోకి దిగడం మానేశాడు.
"దీపం లేని ఇల్లు తట్టకూడదు నాన్నా,
అది పద్ధతి" అన్నాను.
"దయ్యానికి పద్ధతి తెలీదు కదా" అన్నాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.
చేతిలో మూకుడు, ఒంటి మీద బనీను.
"బల్బు మాడి నెలయింది.
నిచ్చెన ఎక్కే కాళ్లు కావివి" అన్నాడాయన
తప్పు చేసిన కుర్రాడిలా.
మిఠాయిలు లేవు. వంటింట్లోకి వెళ్లి
తలో హెర్రింగ్ చేపల డబ్బా తెచ్చాడు.
డబ్బా అడుగున మా ఫ్యాక్టరీ ముద్ర.
ఆ చేపని నేనే కోశానేమో.

సొరుగులో కొత్త బల్బు ఉంది.
కుర్చీ ఆయన పట్టుకున్నాడు, నేను ఎక్కాను.
వెలుగు పడగానే గోడ మీద
తన నీడనే చూసి కెవ్వుమన్న దయ్యం
ఆయన మోకాళ్ల మధ్య దూరింది.
ఎంతకీ రాదే!

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు
చివర్లో ఒక కాగితం అంటించింది జెస్సమిన్:
కుర్చీ, బల్బు, చేపల డబ్బా, కెవ్వు.
లైబ్రరీలో మిసెస్ విన్నాట్
కళ్లజోడు పైకీ కిందికీ జరిపి
జరిమానా వెయ్యాలో వద్దో తేలక
స్టాంపు వేసి ఊరుకుంది.

ఆ డబ్బాల్లో ఒకటి తినేశాం.
ఓరిన్ డబ్బా మాత్రం అలమరలోనే ఉంది.
తెరవనివ్వడు.
బడికి వెళ్లేముందు చెవికి ఆనించుకుని
వేలితో మెల్లగా తట్టి
కాసేపు వింటాడు.