గడియారంలో మిగిలిన రెండు చుక్కలు

తడి బూట్లు గుమ్మం దగ్గరే విప్పమని
జెలీ సురెట్ రాసిపెట్టిన అట్టముక్కని
ఎవరూ చదవని క్లబ్బు అది,
నోవా స్కోషియా రేవులో, లాబ్‌స్టర్ బోనుల గుట్టల వెనక.
గోడవారగా బీరువా అంత టీవీ.
ముందు తెర, పొట్టలో మూడు గొట్టాలు,
ఎరుపొకటి, ఆకుపచ్చొకటి, నీలమొకటి.
ఎనిమిదేళ్ళ కింద నలుగురు మోసుకొచ్చారట.
అప్పట్నుంచీ వాతావరణం తప్ప
దానికి వేరే చూపు లేదు.

నన్ను పిలిచింది మాత్రం హాకీ కోసం.

"చూడు ఎల్ఫేజ్" అని చానల్ మార్చింది జెలీ.
మంచు మైదానం తెల్లగా పరుచుకుంది.
ఆ తెలుపులోంచి మెల్లగా తేలాయి
ఎడమ పక్కన గాలి అనే మాట,
దాని కింద అలలు,
అడుగున అడ్డంగా హెచ్చరికల పట్టీ.
గోల్‌కీపర్ అలల మీద నిలబడ్డాడు.
పచ్చ చొక్కా కుర్రాడొకడు గాలిని చీల్చుకుపోయి
పట్టీ దగ్గర పల్చబడి
మళ్ళీ మనిషయ్యాడు.

మూలన గడియారం ఉండే చోట
అంకె అన్నది మిగల్లేదు.
నిమిషానికొకటి మారినవి కదా,
ఒకదాని మీదొకటి పడి మసక ఎనిమిదైపోయాయి.
గంటకీ నిమిషానికీ మధ్యనుండే రెండు చుక్కలు మాత్రం
చీమ కళ్ళంత స్పష్టంగా ఉన్నాయి.
మారినవి బతికిపోయాయి.

"తుడిస్తే పోదూ?" అన్నాడు సిల్వాన్,
అప్పటికే గుడ్డ తడిపి పట్టుకుని.

పోదయ్యా. అది అంటుకున్న మచ్చ కాదు,
అరుగుదల.
గొట్టం లోపల పూసిన పొడి ఉంటుంది,
కొట్టిన చోటల్లా వెలుగుతుంది.
ఏళ్ళ తరబడి ఒకేచోట కొడితే
ఆ చోటు ముందు ముసలిదవుతుంది.
మీకు కనిపించేది మరక కాదు,
తెర మొత్తంలో
ఎక్కువ పని చేసిన జాగా.

సిల్వాన్ ఏమనలేదు. కుడి భుజం నొక్కుకున్నాడు.

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి చెప్పాను,
ఏ ఇంట్లోనైనా ఆలస్యంగానే చెప్పే మాట.
కొన్న రోజే కాంట్రాస్టు సగానికి దించాలి.
దుకాణం దీపాల కింద నలుగురి కంటా పడాలని
ఫ్యాక్టరీ వాళ్ళు దాన్ని అరిచేట్టు పెట్టి పంపుతారు.
ఇంటికొచ్చాక కూడా అరవనిస్తే గొంతు పోతుంది.
బొమ్మని మధ్యలో ఆపి లేచారా, టీవీనీ ఆపండి.
పైనా కిందా నల్ల పట్టీలొస్తే సాగదీసి చూడండి,
ముఖాలు కాస్త లావైతే అయ్యాయి.
స్కోరు పెట్టె, చానల్ ముద్ర,
కదలనిది ఏదైనా సరే, కొలువుండనివ్వకండి.
ఆ కర్టెన్లు వెయ్యండి ముందు.
చీకట్లో చిన్న వెలుగు చాలు.

"గాలి ఎటుందో తెలీకుండా
తెల్లారుజామున నాలుక్కి బోటెలా తియ్యను?"
అన్నాడు సిల్వాన్.
దానికి నా పెట్టెలో పనిముట్టు లేదు.

ఒక్క దారుందని అన్నాను.
అరిగిన అక్షరాల చోట నల్లగా ఉంచి
మిగతా తెరంతా తెల్లగా
వారం రోజులు, రాత్రిళ్ళతో సహా వెలిగించాలి.
అరిగింది బాగుపడదు.
అరగనిదంతా దాని వయసుకి దిగొస్తుంది.
ఇక తేడా తెలీదు.

జెలీ గ్లాసు తుడవడం ఆపింది.
"అంటే, ఇది కనపడకుండా ఉండాలని
బాగున్నదాన్ని కూడా అరగదీస్తావా?"
అవునన్నాను.
"అక్కర్లేదు. ఎంతిమ్మంటావు?"

కాంట్రాస్టు దించి, పక్కకి జరిగిన ఎర్ర గీతని
నీలం మీదికి తెచ్చి కలిపి
డబ్బులకి బదులు నాలుగు లాబ్‌స్టర్లు పట్టుకొచ్చాను.

మార్చిలో మళ్ళీ వెళ్తే
టీవీ నెత్తిన వంటింటి అలారం ఉంది.
అది మోగితే దగ్గరున్నవాళ్ళు లేచి చానల్ మార్చాలి,
తిట్టుకుంటూనైనా సరే.
కౌంటరు మీద పాత రేడియో
గాలి వేగం గొణుగుతోంది.
మాట ఎన్నిసార్లు చెప్పినా దాని గుడ్డకి మరక పడదు.

ఆ రాత్రి ఆట చివర్లో
పక్ గాల్లోకి లేచి, ఎటో తగిలి, మూలకి తిరిగింది.
అందరం ముందుకి వంగాం.
గడియారం ఉండే చోట
ఒక్క క్షణం
చుక్కలు మూడయ్యాయి.