గీత పడిన చోట

హల్ ఊళ్ళో, చేపల రేవు వెనక వీధి,
చారిటీ షాపులో
గురువారాలు నా పని పాటలకు పరీక్ష పెట్టడం.
రికార్డు ఎక్కించి, ముల్లు దించి వినాలి.
గీతలుంటే యాభై పెన్నీలు, లేకుంటే రెండు పౌన్లు.

అరవైల నాటి కుర్రాళ్ళ బృందం ఒకటి,
‘ఓ’ అనడానికే పుట్టినట్టుంటారు.
నాకు నవ్వొచ్చింది. డోరీన్ మాత్రం
మడతపెడుతున్న స్వెటర్ని గడ్డం కింద అలాగే నొక్కిపట్టి
పాట అయ్యేదాకా కదల్లేదు.
నేను అడగలేదు.

డిస్కో వస్తే నా మడమలకు నా అనుమతి అక్కర్లేదు.
యాభై మూడేళ్ళ మోకాలు రేపు లెక్క అడుగుతుంది.
అడగనీ.

పంక్ అట, మూడు నిమిషాల తిట్లు.
చెవులు మూసుకున్నాను.
అంతలో ఇంటద్దె ఏజెంటు గుర్తొచ్చి
సౌండు పెంచాను.

ఒపేరా మీద నాకింకా కోపమే.
ఏడవడానికి కూడా అంత చదువు చదవాలా?

మొన్న బస్సులో మా స్మరణి
ఒక చెవి ముక్క నాకిచ్చి ర్యాప్ వినిపించింది.
అంత వేగంగా, ఊపిరి తిప్పుకోకుండా,
బాకీలన్నీ ఏకరువు పెట్టగలిగింది
ఇదివరకు మా మేనత్త ఒక్కతే.

ఇవాళ అట్ట లేని రికార్డొకటి, పేరు చెరిగిపోయింది.
ఎవరో ఆడమనిషి, సన్నటి గొంతు, ఏ కాలమో.
సగంలో ముల్లు ఇరుక్కుంది
ఏదో ఇంగ్లీషు మాట మొదటి ముక్క మీద:
రా... రా... రా...

గీత పడింది, యాభై, అంది డోరీన్
ధర చీటీ అందిస్తూ.
చెయ్యి చాపాను, ముల్లు ఎత్తడానికే.
ఎత్తలేదు.

షాపు మూసే వేళ. బయట వాన.
చాలా ఏళ్ళయింది, ఎవరైనా నన్ను
ఇన్నిసార్లు పిలిచి.