యాలకుల రొట్టె తూచే త్రాసు

థండర్ బేలో జనవరి. సరస్సు గడ్డకట్టి
ఓడలన్నీ రేవులో బిగుసుకుపోయిన నెల.
పైవాటాలో అద్దెకున్న కేసీ అనే కుర్రాడు
రాత్రికి రాత్రే సామాను సర్దుకుని
మూడు నెలల బాకీ, ఒక గాజుతొట్టె వదిలిపోయాడు.
తొట్టెలో ఎండిన నీళ్ళగిన్నె, పక్కన వేడిరాయి,
రాయిని కరుచుకుని ఒక కొండచిలువ.

కొండచిలువంటే కొండంత ఉంటుందనుకున్నాను.
నా మంచుబూటులో పడుకోబెడితే పట్టేటట్టుంది.
"బయట పెట్టేయ్ సైమీ, పది నిమిషాల్లో
నిద్రపోతుంది, నొప్పి కూడా తెలీదు"
అన్నాడు మా అన్న రైమో.
మంచివాడే. కుక్కల కోసం ఏడుస్తాడు.

తిరగేసి చూశాను.
పొట్ట కింద అరచేతి పొడవున కాలిన గాయం,
పెనం మీద మరిచిపోయిన అట్టులా అంచులు మాడి.
కాలుతున్నా రాయిని వదల్లేదు,
చుట్టూ ఉన్న చలి అంతకన్నా పెద్దది కనక.
ఈ సంగతి నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.
పదకొండేళ్ళు కాపురం చేశాను.

పశువుల డాక్టరు ఫొర్లానీ చెప్పినవన్నీ
బస్సు రూటు రాసుకున్నట్టు రాసుకున్నాను:
తెల్లమలాం, పొద్దునా రాత్రీ.
ఇసుక తీసేసి కాగితం పరచాలి.
కళ్ళమీది పాత పొరలు గోటితో గీకకూడదు.
తడిగుడ్డ, ఓపిక.
ఓపిక అన్నప్పుడు నావైపు ఓసారి చూసింది.

పాముకి పాలు పోసి పెంచొద్దంటారు.
ఇది నీళ్ళే ముట్టలేదు నాలుగు రోజులు.
ఐదోరాత్రి, నేను గిన్నెలు తోముతుంటే
గడ్డం నీటికి ఆనించి
దవడలు కదిలీ కదలనట్టు తాగింది.
చప్పుడు లేదు. నేనూ కుళాయి కట్టేశాను.

ఆదివారం ఆదివారం త్రాసు మీద పెడతాను,
అమ్మ యాలకుల రొట్టెకి పిండి తూచిన త్రాసు.
కప్పల తక్కెడ నయం,
గెంతితే గెంతాయని తెలుస్తుంది.
ఇది కొంచెం కొంచెంగా జారి
తోక పళ్ళెంలో, తల నా చొక్కా చేతిలో.
క్యాలెండరు మీద: 412. 405. 398.
తొమ్మిది వారాలు గడ్డకట్టిన ఎలుకని కరిగించాను,
వెచ్చబెట్టి పట్టకారుతో ఆడించాను,
తొమ్మిదిసార్లు చెత్తబుట్టలో వేశాను.
ఒక రాత్రి ఎవరికైనా ఫోను చేసి
ఆ అంకె చెప్పాలనిపించింది.
చెప్తే ఏమంటారు?
పదోసారి పట్టకారు నా చేతిలోంచి ఎగిరిపడింది.

పందొమ్మిదేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నాను.
రోజుకి నలభైమంది ఎక్కి దిగుతారు,
ఏడాదికి ఇద్దరు థాంక్స్ అంటారు.
పాము కృతజ్ఞత మీద నాకు పెద్ద ఆశల్లేవు.
మందు రాసేప్పుడు ఎడమ మణికట్టు చుట్టుకుంటే
ప్రేమనుకోను. అక్కడ నాడి వెచ్చగా ఉంటుంది, అంతే.
అంతేనని తెలిసీ
గడియారం తీసి కుడిచేతికి పెట్టుకున్నాను.

ఏప్రిల్లో మంచు పగిలి
మొదటి ధాన్యపు ఓడ కూత వేసిన వారం
దాని కళ్ళు పాలనీలం తిరిగాయి.
కుబుసం మేజోడులా ఒక్కటిగా వస్తుందని చదివాను.
పదిహేడు ముక్కలుగా వచ్చింది. లెక్కపెట్టాను.
వాటిలో కుడికంటి పొర ఉంది,
చేపపొలుసంత, వేలిముద్ర కనిపించేంత పలచన.
ఎడమది ఇంకా రాలేదు.
గాయం మానిన చోట పొలుసులు వరస తప్పి మొలిచాయి,
చీకట్లో వేసిన కుట్టులాగ.

రైమో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి
"పేరేమైనా పెట్టావా?" అన్నాడు.
లేదన్నాను. పిలిస్తే వినడానికి
దానికి చెవులెక్కడివి?
అయినా వెళ్ళేముందు తొట్టె దాకా వెళ్ళాడు,
చేతులు జేబుల్లోంచి తియ్యకుండా.

నిన్న ఆదివారం. 421.
తేటపడ్డ ఆ ఒక్క కంటితో
నన్ను చూసిందో, నా వెనక పొయ్యి వేడిని చూసిందో.
పిండి తూచే త్రాసు ఇప్పుడు దానిది.
అంచనా మీద కలిపిన రొట్టె
పొయ్యిలో ఒక పక్కకి ఒరిగి పొంగుతోంది.