చల్లారేదాకా

గ్రిమ్స్‌బీలో సముద్రపు గాలి ఇనుమునీ నాకుతుంది.
అందుకే ముందు మోకాళ్ళ మీద కూలబడి
కారు కింద టార్చి వేశాను.
తుప్పు ఉంది. గోరంతే.
స్పోర్ట్స్ కారు, పందొమ్మిదేళ్ళది, ఇంకా నేరేడు రంగు.

"వారమైంది స్టార్టు చేసి" అన్నాడు డెరిక్.
బానెట్ మీద అరచెయ్యి ఆనించాను.
అప్పుడే దించిన పాలగిన్నె.

ఇద్దరం విన్నాం ఆ వేడిని.
"చల్లారనివ్వండి, నాకేం తొందర లేదు."

రెండు గంటలు.
షెడ్డులో బోర్లించిన బకెట్ల మీద కూర్చుని టీ.
సర్వీసు పుస్తకంలో రెండేళ్ళు ఖాళీ.
నేనడగలేదు, తనే చెప్పాడు:
మోకాలికి ఆపరేషన్,
క్లచ్ తొక్కలేని కాలు,
రోజూ సాయంత్రం లోపల కూర్చుని
రేడియో మాత్రం వినడం.

తాళం తిప్పాను.
రేకుడబ్బాలో గులకరాళ్ళు గిలక్కొట్టినట్టు
నాలుగు సెకన్లు.
అతను నేలని చూశాడు,
నేను ఆయిల్ ముల్లుని.
తర్వాత ఇంజను గొంతు సవరించుకుంది,
ఏమీ జరగనట్టు.

"ఎనిమిది వందల పౌన్లు తగ్గించుకోండి"
నేను నోరు తెరవకముందే అన్నాడు.

ఇంటికి నూటపది మైళ్ళు.
రేడియో పెట్టలేదు.
వంతెన దిగుతుంటే వాన మొదలైంది,
వైపర్లు బాగానే ఉన్నాయి.
రేపు పొద్దున చలిలో
ఆ నాలుగు సెకన్లూ
ఇక నావి.